ఒక గడపలో రెండు కడుపులు

నర్సమ్మ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడంలో గుడియాత్తం నెల్లూరుపేట మొత్తానికి వళ్ళిని మించినవాళ్ళు లేరు. కడుపుతో ఉన్నది కోడలు అంబిక. బల్ల మీద పడుకునేది అంబిక, సూది పొడిపించుకునేది అంబిక, బరువు చూసే మిషను ఎక్కి నిలబడేది అంబిక. నోరు మాత్రం అత్తది.

"మధ్యాహ్నం పూట కాసేపు పడుకుంటావామ్మా?" అని నర్సు మేనక అడుగుతుంది.

"పడుకుంటాది నర్సమ్మా. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటాది," అంటుంది వళ్ళి.

"ఆకుకూర తింటా ఉండాదా?"

"దినామూ వండుతాను. ములగాకు, కీరాకు, ఏది దొరికితే అది."

"కాళ్ళకి నీరు రావడం, తలనొప్పి, కళ్ళు మసకలు?"

"ఏమీ లేదు. ఉంటే నీ కాడికి తోడుకోని రానా?"

"మాత్రలు?"

"ఒకటి మిగల్చదు. అన్నం తిన్నాంక వేసుకుంటాది. కాపీతో వేసుకోవద్దని నువ్వే కదా చెప్పినావు."

మేనక తమిళామె. పేట వీధులు తిరిగి తిరిగి వీళ్ళ తెలుగు పట్టుకుంది. ఎప్పుడైనా విసుగొచ్చి, "ఆ పిల్లని మాట్లాడనియ్యమ్మా," అంటే వళ్ళి ఒప్పుకునేది కాదు. "దానికేం తెలుసు నర్సమ్మా, చిన్నపిల్ల. నేను చెప్తాను," అనేది. ఇంత వివరం తెలిసిన అత్త దొరకడమే గొప్ప అనుకుని మేనక ఊరుకునేది. పైగా బెంచీ మీద వరసగా కూర్చున్న మిగతా ఆడవాళ్ళకు వళ్ళిని చూపించి, అత్త అంటే ఇట్ల ఉండాలని చెప్పేది.

నిజం చెప్పాలంటే ఆ జవాబులు బెంచీ మీద అందరికీ వచ్చు. ఎన్నేళ్ళ నుంచో ప్రతి బుధవారం వింటున్నారు. గోడ మీద బొమ్మలున్నాయి, ఇప్పుడు టీవీలో కూడా చెబుతున్నారు. తెలియకపోవడం అనే జబ్బు పేటలో ఎప్పుడో నయమైపోయింది. చెయ్యడం ఒక్కటే ఇంకా అలవాటు కాలేదు. పడుకోమంటే ఎప్పుడు పడుకుంటారు? అగ్గిపెట్టెలకు కాగితం అంటించే పని ముందేసుకుని కూర్చున్న ఆడది ఎడమ పక్కకి తిరిగితే ఆ పెట్టెలు ఎవరు అంటిస్తారు? నర్సమ్మ మంచిది, కష్టపడి ఇంత దూరం వస్తుంది, ఆమె మనసు నొప్పించడం ఎందుకని అందరూ ఆమె వినాలనుకున్నదే చెప్పేవారు. వళ్ళి అందరికంటే బాగా చెప్పేది, అంతే.

ఆ బుధవారం కూడా అంతా చెప్పి, ఎర్ర మాత్రల పొట్లం అందుకుని, లేవబోతూ వళ్ళి గోడ పట్టుకుంది. కళ్ళ ముందు ఒక్క క్షణం చీకటి అయింది. మేనక కళ్ళు అంబిక పొట్ట మీద ఉన్నాయి, గోడ మీది చేతిని ఆమె చూడలేదు. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, పనిలోంచి నేరుగా వచ్చిన అత్తని ఎవరు పరీక్షగా చూస్తారు? ఆ చొక్కా కింద ఏముందో చూడాలని ఎవరికీ తోచలేదు.

కోడలికి ఏడో నెల. అత్తకీ కడుపే. ఎన్నో నెలో అత్తకే తెలియదు.

ముట్టు నిలిచిపోయినప్పుడు వళ్ళి సంతోషపడింది. నలభై దాటాయి, ఇక ఈ బాధ వదిలిపోయిందని అనుకుంది. ఒళ్ళు హూనంగా ఉంటే ఆ వయసుకి అంతే అనుకుంది. వాంతి వస్తే బస్సులో డీజిలు వాసన అనుకుంది. మనిషికి అలసట అలవాటైపోతే ఒంట్లో ఏం జరుగుతున్నా దాని ఖాతాలోనే వేసేస్తుంది. ఒకరోజు పొద్దున వేలూరు పనికి పోతూంటే, బస్సు పాలారు వంతెన మీదికి ఎక్కినప్పుడు, కడుపులో ఏదో కదిలింది. కింద ఏట్లో చుక్క నీళ్ళు లేవు, ఇసుక లారీలు తిరుగుతున్నాయి. మళ్ళీ కదిలింది. అది ఏమిటో అడిగి తెలుసుకోవలసిన అవసరం వళ్ళికి లేదు. ఇదివరకు నాలుగుసార్లు ఆ కదలిక ఎరుగును.

పక్కన కునుకుతున్న మొగుణ్ణి లేపింది. "మామా, నాకు మళ్ళా నిలిచిండాది," అంది మెల్లగా.

అంకప్ప మేస్త్రీ కళ్ళు తెరిచి కిటికీలోంచి ఇసుక వైపు చూశాడు. వంతెన దాటేదాకా చూశాడు. "కొడుకు పెండ్లామూ కడుపుతో ఉండాది, నువ్వూ కడుపుతో ఉండావు. నలుగురిలో తల యాడ పెట్టుకునేది?" అన్నాడు. తల పెట్టుకోవలసిన పని తనకొక్కడికే పడినట్టు చాలాసేపు బాధపడ్డాడు. చివరికి బస్టాండు రాబోతుంటే, "అంబిక కాన్పు కానీ. తర్వాత చూస్తాం," అని తేల్చాడు. అప్పటిదాకా ఆ కడుపు ఆగి కూర్చుంటుంది కాబోలు.

పిల్లల ఆపరేషను చేయించుకుని ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. కానీ కట్టడం పనివాళ్ళలో ఒక గట్టి నమ్మకం ఉంది. ఆపరేషను అయిన ఆడది తట్ట మొయ్యలేదని, మోస్తే లోపల కుట్లు తెగుతాయని అంటారు. తట్ట మొయ్యలేని ఆడది ఎందుకు పనికొస్తుందని అంకప్ప తల్లి అప్పట్లో అడ్డం పడుకుంది. ఆ ముసలామె మాట కాదనలేక వళ్ళి తట్టలూ మోసింది, కడుపులూ మోసింది. ఇద్దరు నిలిచారు, ఇద్దరు పోయారు. కొడుకు ప్రభాకరన్ తండ్రి దగ్గరే తాపీ పట్టాడు. కూతురు అరక్కోణంలో కాపురం ఉంది.

వేలూరులో అప్పుడు ఎక్కడ చూసినా కట్టడాలే. ఉత్తరాది నుంచి రోగులు రైళ్ళ నిండా దిగుతున్నారు. పెద్దాసుపత్రి చుట్టుపక్కల పాత ఇళ్ళన్నీ పడగొట్టి లాడ్జీలు లేపుతున్నారు. కింద ఎస్టీడీ బూతు, పైన డిష్షు, మధ్యలో అగ్గిపెట్టెల్లాంటి గదులు. అంకప్ప ముఠా అలాంటి లాడ్జి ఒకటి కడుతోంది. నాలుగో అంతస్తు నడుస్తోంది. వళ్ళి నెత్తిన గుడ్డ చుట్ట పెట్టుకుని, దాని మీద ఇటుకలో కలిపిన సిమెంటో పెట్టుకుని, చేతిపట్టు లేని మెట్లు ఎక్కుతుంది. అన్ని అంతస్తుల నుంచీ ఆసుపత్రి కనిపిస్తుంది. దేశంలో ఏ మూలనుంచో వచ్చి అక్కడ చూపించుకుంటున్నారు. తను ఆ వైపు చూస్తూనే ఇటుకలు దించి మళ్ళీ కిందికి దిగుతుంది. అక్కడికి పోయి చీటీ రాయించుకోవచ్చన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. ఆ గదులు కట్టడం తన పని, ఉండటం వేరేవాళ్ళ పని.

దాచడం కష్టం కాలేదు. సిమెంటు దుమ్ము పడకుండా చీర మీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కోవడం ఆ పనిలో అందరు ఆడవాళ్ళకూ మామూలే. వళ్ళి అంకప్ప చొక్కా తొడుక్కునేది. ఇదివరకు ఇంటికి రాగానే విప్పి మేకుకి తగిలించేది. ఇప్పుడు విప్పడం మానేసింది. దోమలు అంది ఒకరోజు, ఉతకడానికి ఓపిక లేదంది ఇంకోరోజు. ఓపిక లేదన్నది నిజమే.

సిగ్గు ఒకటైతే, దానికంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. ఒక గడపలో రెండు కడుపులు ఉండకూడదు. ఉంటే పెద్దదాని కడుపు చిన్నదాని కడుపుని తినేస్తుందని చిన్నప్పటినుంచి వింటూ వచ్చింది. అట్లా వచ్చినప్పుడు ఒకరిని పుట్టింటికి పంపించేస్తారు, అది ఆచారం. ఇక్కడ అదే చిక్కు వచ్చిపడింది. అంబిక ఎవరో కాదు, పళ్ళికొండలో ఉన్న వళ్ళి తమ్ముడి కూతురు. మేనత్త కొడుక్కే ఇచ్చి చేశారు. ఇద్దరికీ పుట్టిల్లు ఒకటే. ఈ గడప వదిలిపోతే ఆ గడప, ఆ గడపలోకి రేపు అంబిక రావాలి. వళ్ళికి పోవడానికి చోటు లేదు. తన కడుపు సంగతి బయటపెడితే తమ్ముడి భార్య ధనమ్మ ఆ మాటే అంటుంది, నా కూతురి బిడ్డకి ఏమన్నా అయితే నీదే పాపం అంటుంది. బయటపెట్టకపోతే ఏమీ కాదా? అయితే అది తన ఒక్కదానికే తెలిసిన పాపం అవుతుంది. పొద్దున లేచింది మొదలు వళ్ళి దీన్నే అటు తిప్పి ఇటు తిప్పి చూసుకునేది. ఏ వైపు నుంచి చూసినా కుదిరేది కాదు. అంతలో బస్సుకి టైమయ్యేది.

మాత్రల సంగతి అలాంటి ఒక పొద్దునే మొదలైంది. పొయ్యి దగ్గర బియ్యం డబ్బా జరిపితే వెనకాల పొట్లం కనిపించింది. విప్పితే మాత్రలన్నీ అట్లాగే ఉన్నాయి.

"ఏమ్మే, వేసుకోలేదా?" అని అడిగింది.

అంబిక తల వంచుకుంది. "కడుపులో తిప్పతాది అత్తా. బిడ్డ కూడా నల్లగా పుడతాదంట, పక్కింటోళ్ళు చెప్పినారు."

వళ్ళికి తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది. నర్సు ముందు ఒకటి మిగల్చదని తనే కదా ఒట్టు వేసినంత పని చేసింది. ఇప్పుడు తిరిగి ఇస్తే ముఖం చెల్లదు. పారేస్తే పాపం. ఆ పూట బస్సుకి పోయే ముందు, ఎవరూ చూడకుండా ఒకటి నోట్లో వేసుకుని చెంబెడు నీళ్ళు తాగింది. పారబోసే బదులు ఎవరో ఒకరి కడుపులో పడనీ అనుకుంది. మర్నాడు ఇంకోటి. నోరంతా తుప్పు పట్టినట్టు ఉండేది. అయినా కొన్నాళ్ళకి మెట్ల మీద ఆయాసం కాస్త తగ్గినట్టు అనిపించింది. ఆ పొట్లం అయిపోతే ఇంకో పొట్లం వచ్చింది. బియ్యం డబ్బా వెనక ఉండేది కాస్తా నీళ్ళ బిందె పక్కన, చిన్న పళ్ళెంలోకి మారింది. అంబిక ఇల్లు సర్ది ఉంటుందని అనుకుని వళ్ళి దాని గురించి ఇంక ఆలోచించలేదు. బుధవారాలు యథాప్రకారం జవాబులు చెబుతూ వచ్చింది.

సీమంతం పెట్టుకున్న రోజు ధనమ్మ పళ్ళికొండ నుంచి బుట్టల్లో గాజులూ పూలూ పసుపూ, పెద్ద గిన్నెల్లో చిత్రాన్నాలూ తీసుకుని దిగింది. పులిహోర, నిమ్మకాయ అన్నం, పెరుగన్నం, చక్కెర పొంగలి. పేట ఆడవాళ్ళంతా వచ్చారు. వాకిట్లో చిన్న పందిరి వేశారు. ప్రభాకరన్ కుర్చీలు తెచ్చి వేశాడు. నర్సు మేనకని కూడా పిలిచారు. ఆమె వచ్చి, సంచీ పక్కన పెట్టుకుని, ఆకులో నిమ్మకాయ అన్నం పెట్టించుకుని మూల కూర్చుంది.

వళ్ళి ఆ రోజు చొక్కా తొడుక్కోలేదు. పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని, కొంగు భుజాల చుట్టూ నిండా కప్పుకుంది. ఎండలో కూడా అట్లాగే కప్పుకుని తిరుగుతూంటే జ్వరమా అని ఎవరో అడిగారు. అవునంది.

అంబికని పీట మీద కూర్చోబెట్టారు. మెడలో పూలదండ వేశారు, చెంపలకి గంధం పూశారు. ఇక గాజులు తొడగాలి. వీళ్ళలో మొదటి జత అత్త తొడగాలి, ఆ తర్వాతే తక్కినవాళ్ళు. ధనమ్మ ఆకుపచ్చ గాజుల పళ్ళెం తెచ్చి వళ్ళి ముందు పెట్టింది.

వళ్ళి చేతులు కదలలేదు. ఇప్పటిదాకా ఒకే గడపలో ఉంది, అది తప్పించుకోలేనిది. కానీ తన కడుపు మోస్తున్న ఈ చేతులతో ఆ చేతికి గాజు ఎక్కిస్తే, తెలిసి తెలిసి తనే ఆ బిడ్డ మీద చెయ్యి వేసినట్టు అవుతుంది. ఆమె దాన్ని నమ్మింది. నర్సు చెప్పినవన్నీ అప్పజెప్పిన నోటితో, దీన్ని లోపల నమ్మింది.

"నువ్వు తొడుగు ధనమ్మా. నా చేతులు సిమెంటు తినేసిండాది. గీసుకుంటాది పిల్లకి," అంది.

ధనమ్మ ముఖం మారింది. "ఏం మాటలాడతావు వదినా? చేతులు ఎట్లుంటే ఏమి? అత్త తొడగకుండా నేను తొడిగితే నలుగురూ ఏమనుకుంటారు?"

"ఏమీ అనుకోరు. నువ్వు తల్లివి కదా."

"తల్లిని కాబట్టే అడగతా ఉండా. నా కూతురి చెయ్యి పట్టుకునేదానికి కూడా నీకు మనసు రాలేదా?" ధనమ్మ గొంతు పెరిగింది. "వచ్చినప్పట్నించి చూస్తా ఉండాను. పిల్ల ముఖాన రక్తం లేదు. మీ ఇంట్లో ఏం తింటాదో ఏమో."

ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వళ్ళి కొంగు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"అమ్మా, ఊరుకో," అంది అంబిక. "అత్తకి ఒళ్ళు చేతకాలేదు. నువ్వే తొడుగు." పళ్ళెం తన వైపు జరుపుకోబోయి, పక్కకి ఒరిగింది. దండతో సహా ధనమ్మ ఒళ్ళో పడిపోయింది. గాజులు కొన్ని కింద పడి పగిలాయి.

అంతే, పందిరి కింద కేకలు. వళ్ళి ఉన్నచోటే చతికిలబడింది. తినేసింది, నా కడుపు దాని కడుపుని తినేసింది అన్నదొక్కటే తలలో తిరుగుతోంది. గాజు తొడగకపోయినా లాభం లేకపోయింది.

మేనక ఆకు వదిలేసి, చెయ్యి కడుక్కుని వచ్చింది. ముఖం మీద నీళ్ళు చల్లించి, దండ తీయించి, ఎడమ పక్కకి పడుకోబెట్టింది. కాసేపటికి అంబిక కళ్ళు తెరిచింది. పొట్ట మీద చెయ్యి వేసి చూసి, "బిడ్డ బాగుండాది," అంది మేనక. వళ్ళికి ఊపిరి వచ్చింది. కానీ మేనక ఇంకా లేవలేదు. అంబిక కింది కనురెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది, నాలుక చూసింది. కనురెప్ప లోపల సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా ఉంది.

"పోయిన బుధవారమే రెప్ప లాగి చూసుండాల. మీ అత్త నోరు చూసి మోసపోయినాను," అంది మేనక. "రక్తమే లేదు ఈ పిల్లకి. మాత్రలు సరిగ్గా వేసుకుంటే ఇట్ల ఉండదు. మాత్రలేమైనాయి?"

"ఒకటి మిగల్చదు నర్స..." అని వళ్ళి నోరు అలవాటుగా మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయింది.

ధనమ్మ అందుకుంది. "మాత్రలు కూడా ఇయ్యలేదా? పురుడు పోసేది మేము, ఒప్పుకుంటాను. అది మా గడప తొక్కేదాకా నీ బిడ్డ కాదా వదినా?"

"అత్తనేమీ అనబాకమ్మా," అంది అంబిక పడుకునే. గొంతు నీరసంగా ఉంది. "నేనే పారేసినాను. దినామూ కాలవలో పారేసినాను. అత్తకి తెలీదు."

వళ్ళి కోడలి వైపు చూసింది. అది అబద్ధమని అక్కడున్న మిగతావాళ్ళలో తనకొక్కదానికే తెలుసు. ఒక్క మాత్ర కూడా కాలువలో పడలేదు. అన్నీ తన కడుపులో పడ్డాయి. మరి ఈ పిల్ల ఎందుకు ఇట్లా చెబుతోంది? అప్పుడు నీళ్ళ బిందె పక్కన పళ్ళెం గుర్తొచ్చింది. పొద్దున తను చెంబు ముంచుకునే చోటే, చెయ్యి చాపితే అందేలాగా, పొట్లం విప్పి పెట్టి ఉండేది. ఒక్కోరోజు పక్కన బెల్లం ముక్క కూడా ఉండేది. ఇల్లు సర్దడం కాదు అది. తెలిసి, తన కోసమని పెట్టింది.

వళ్ళికి ఏడుపు ముంచుకొచ్చింది. ఇంతమంది ముందు సిగ్గు కాపాడుకోవాలన్న పట్టుదల ఎటు పోయిందో తెలియదు. అంత ఓపిక ఇక మిగల్లేదు.

"అది పారెయ్యలేదు నర్సమ్మా. నేను తినేసినాను," అంది.

"నువ్వెందుకు తిన్నావు?" అంది మేనక.

వళ్ళి కొంగు భుజాల మీదనుంచి తీసేసింది. పట్టుచీర కింద పొట్ట అందరికీ కనిపించింది. ప్రభాకరన్ గుమ్మంలో నిలబడి చూశాడు, తర్వాత తండ్రి వైపు చూశాడు. అంకప్ప మేస్త్రీ పందిరి గుంజ నిటారుగా ఉందో లేదో చాలా శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు.

"అందుకే గాజు తొడగలేదు ధనమ్మా," అంది వళ్ళి. "పిల్ల మీద ఆపేక్ష లేక కాదు. ఒక గడపలో రెండు కడుపులు. నాది దానిదాన్ని తినేస్తా ఉండాది. నాకు తెలుస్తానే ఉండాది. ఎవురికి చెప్పేది, యాడికి పొయ్యేది?"

ధనమ్మ కూడా ఆ మాట వింటూ పెరిగినదే. చెయ్యి తెలియకుండానే కూతురి పొట్ట మీదికి పోయింది. వళ్ళి అది చూసింది. చూసి తప్పు పట్టలేదు.

మేనక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కోపంగా ఉంది, అలసిపోయి కూడా ఉంది. ఈ పేటలో తిరగడం మొదలుపెట్టినప్పటినుంచి చెప్పినవన్నీ ఏ గోడకి చెప్పానా అన్నట్టు ఉంది ఆమె ముఖం. "రెండు కడుపులు ఒక ఇంట్లో ఉంటే ఏమీ కాదు," అంది. "ఒకరి మాత్రలు ఇంకొకరు తింటే అవుతాది. చెప్పుంటే నీకు వేరే ఇచ్చేదాన్ని కదమ్మా. సంచీ నిండా ఉండాది. రేపు ఇద్దరినీ వేలూరు తోడుకోని పొయ్యి రక్తం చూపించాల." ధనమ్మ వైపు తిరిగి, "నువ్వూ రావాల," అంది.

ధనమ్మ తల ఊపింది. వళ్ళి వైపు చూడకుండానే, "ఈ కడుపు పెట్టుకోని తట్ట మోసినావా వదినా?" అంది. వళ్ళి కోడలి వైపు తిరిగింది.

"నీకెప్పుడు తెలిసిందే?" అని అడిగింది.

"ఇంటికొచ్చినాంక కూడా నువ్వు చొక్కా విప్పలేదు కదా అత్తా," అంది అంబిక. "తర్వాత మాత్రలు తరుగుతా వచ్చినాయి. నేను ఇంట్లో కూర్చోనే ఉంటాను. మెట్లెక్కేది నువ్వు. నీకే కావాలనుకున్నాను. నర్సమ్మకి చెప్దామంటే నువ్వు నన్ను మాట్లాడనియ్యవు."

ఆ చివరి మాటకి ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

మేనక సంచీ తెరిచి పెన్ను తీసింది. "సరే. నీ సంగతి చెప్పు," అని వళ్ళి ముందు కూర్చుంది. "ఎన్నో నెల?"

వళ్ళి నోరు తెరిచింది. పేట మొత్తానికి జవాబులు తెలిసిన నోరు అది. ఏమీ రాలేదు. ముట్టు ఎప్పుడు నిలిచిందో గుర్తు లేదు. బస్సు, మెట్లు, ఇటుకలు, మళ్ళీ బస్సు. వాటిలో ఏది ముందో ఏది వెనకో చెప్పలేకపోయింది.

"ఆరో నెల నడస్తా ఉంటాది," అంది అంబిక. మెల్లగా లేచి, అత్త పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. "చొక్కా విప్పడం మానేసింది గంగమ్మ జాతర అయినాంక."

"మధ్యాహ్నం పడుకుంటాదా?"

"లేదు. తట్ట మోస్తాది."

"ఆకుకూర తింటాదా?"

"మాకు వేసేస్తాది. చట్టి అడుగున మిగిలితే తింటాది."

"కాళ్ళకి నీరు?"

"ఉండాది. సాయంత్రానికి చెప్పులు పట్టవు. పొద్దున లేస్తానే తల పట్టుకోని కూర్చుంటాది. కళ్ళు తిరిగితే గోడ పట్టుకుంటాది, ఎవురూ చూడలేదనుకుంటాది."

మేనక రాయడం ఆపింది. వళ్ళి చెయ్యి అందుకుని గోళ్ళు చూసింది, సిమెంటు తిన్న ఆ చేతిని కాసేపు వదలకుండా పట్టుకుంది. "ఆమెని చెప్పనియ్యమ్మా," అంది అంబికతో. "తన ఒంటి సంగతి తను చెప్పుకోవాల కదా."

వళ్ళి తల కోడలి భుజం మీద వాలి ఉంది. కళ్ళు మూసుకుపోతున్నాయి.

"అలిసిపోయిండాది నర్సమ్మా," అంది అంబిక. "నేను చెప్తాను."